‘శాంక్షన్’ అనే క్రియ: అనుమతా, ఆంక్షా?

అనువాద విద్యార్థి: ఒక వార్తలోని ‘ది కౌన్సిల్ శాంక్షన్డ్ ది కంపెనీ’ అనే వాక్యాన్ని ‘మండలి ఆ కంపెనీకి అనుమతి మంజూరు చేసింది’ అని తెలుగు చేశాను. రుణం శాంక్షనైంది, సెలవు శాంక్షనైంది అని రోజూ వినే మాటే కనుక నాకు అనుమానం రాలేదు. సరిచూసినవారు దాన్ని ‘ఆంక్షలు విధించింది’ అని దిద్దారు. ఒకే క్రియ ఇవ్వడానికీ, అడ్డుకోవడానికీ ఎలా పనికివస్తుంది?

వ్యాకరణాభిమాని: దిద్దినదే సరైనది. ‘వీణ వాయించాడు’, ‘కుర్రవాణ్ణి వాయించాడు’ అన్న వాక్యాలలో క్రియ ఒకటే అయినా మనం తడబడం, ఎందుకంటే కర్మపదమే అర్థాన్ని తేల్చేస్తుంది. ఇక్కడా అంతే. ఖర్చు, పథకం, సెలవు వంటివి కర్మ అయితే ఆమోదం. వ్యక్తి, సంస్థ, దేశం కర్మ అయితే శిక్ష.

పాత పత్రికల పాఠకుడు: ఈ సూత్రం చాలాచోట్ల నిలుస్తుంది కానీ, అన్నిచోట్లా కాదు. ‘శాంక్షన్డ్ పోస్టులు’ అంటే మంజూరైన ఉద్యోగాలు. ‘శాంక్షన్డ్ ఆయిల్’ అంటే ఆంక్షలకు లోనైన చమురు. రెండూ మనుషులు కావు, సంస్థలూ కావు. మూలంలోకి వెళితే వైరుధ్యం కొంత విడిపోతుంది: లాటిన్‌లో ఈ మాటకు ఉల్లంఘించరానిదిగా నెలకొల్పడం అని అర్థం. శాసనాన్ని ఖాయపరచడం ఒక కొస అయితే, దాన్ని మీరినవారికి దండన మరో కొస. నానాజాతి సమితి 1935లో ఇటలీపై విధించిన ఆర్థిక చర్యలను కూడా ‘శాంక్షన్స్’ అనే పిలిచారు. అయితే క్రియగా దండించే అర్థం, ఆమోదించే అర్థం కంటే చాలా తరువాత వచ్చింది.

వ్యాకరణాభిమాని: మీరు చూపినవి విశేషణాలు, నేను చెప్పింది క్రియ గురించి. పైగా ఆ చమురుపై ఆంక్ష, నిజానికి దాన్ని అమ్ముతున్న దేశంపై ఆంక్షే కదా. పోస్టుల ఉదాహరణ నా సూత్రానికి అనుకూలమే.

పాత పత్రికల పాఠకుడు: ‘శాంక్షన్డ్ ట్రేడ్’ అని మాత్రమే ఉంటే అనుమతించిన వ్యాపారమా, ఆంక్షలున్న వ్యాపారమా? ఆ రెండు మాటలనే పట్టుకుని ఎవరూ తేల్చలేరు. ఇంతకీ, మీ వార్తలో తరువాతి వాక్యం ఏమిటి?

అనువాద విద్యార్థి: ‘ఆ కంపెనీ బ్యాంకు ఖాతాలను స్తంభింపజేశారు.’ దాన్ని కూడా నేనే తెలుగు చేశాను, కానీ వెనక్కి తిరిగి మొదటి వాక్యాన్ని చూడలేదు.