నాన్నగారి డిశ్చార్జ్ బుక్కులో మెడల్స్ పడలేదు, ఇప్పుడు రికార్డులో ఎక్కించుకోవడం ఎలా?

గుణుపురం_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. నాన్నగారు 1970లో ఈఎంఈలో (సైన్యంలో వాహనాలు, యంత్రాల మరమ్మతులు చూసే విభాగం) చేరారు, 1992 జనవరిలో హవల్దారుగా పెన్షన్ మీద ఇంటికి వచ్చేశారు. డిశ్చార్జ్ బుక్కులో మెడల్స్ పేజీలో సంగ్రామ్ మెడల్, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ మాత్రమే ఉన్నాయి. 1988లో శాంతి సేనతో శ్రీలంకలో పనిచేశారు, అప్పుడు వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా, ఉన్నారు. సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. ఆ రెండింటికీ మెడల్ ఎంట్రీ లేదు. 1971 డిసెంబరులో సికింద్రాబాద్ ట్రైనింగ్ సెంటర్లో ఉన్నారు కాబట్టి పశ్చిమీ స్టార్ కూడా రావాలని ఆయన స్నేహితులు అంటున్నారు.

ఇంకో చిక్కు ఉంది. బుక్కులో ఇంటిపేరు ఒక్క అక్షరమే, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా పేరు చివర ఉంది. బుక్కులో జిల్లా కోరాపుట్ అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? జిల్లా సైనిక్ బోర్డులోనా, సికింద్రాబాద్‌లోనా, స్పర్శ్‌లోనా? మెడల్ ఎక్కితే పెన్షన్ ఏమైనా పెరుగుతుందా అని అమ్మ అడుగుతోంది.

పాత_హెడ్‌క్లర్క్:
బాబూ, ముందు అమ్మగారి ప్రశ్న. మీరు చెప్పిన మెడల్స్ వేటికీ డబ్బు లేదు. నెలనెలా భత్యం వచ్చేది శౌర్య పురస్కారాలకే. ఉదాహరణకి సేనా మెడల్ శౌర్యానికి ఇస్తే 2017 ఆగస్టు నుంచి నెలకు 2,000 రూపాయలు, వీర చక్రకు 7,000. మీది గౌరవానికి సంబంధించిన విషయం. అయినా అడిగి తీరాలి. ఆయన కష్టపడి సంపాదించుకున్నది ఆయన కాగితంలో ఉండాలి.

ఇక్కడ మూడు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి పార్ట్ టూ ఆర్డర్. ఫలానా నంబరు జవానుకు ఫలానా మెడల్ అర్హత ఉందని ప్రకటించే కాగితం అది. రెండోది, దాని ఆధారంగా షీట్ రోల్‌లోనూ (రికార్డ్స్ ఆఫీసులో ఉండే సర్వీసు వివరాల పత్రం) డిశ్చార్జ్ బుక్కులోనూ పడే ఎంట్రీ. మూడోది చేతికొచ్చే మెడల్. చాలామంది మూడోదాన్ని అడుగుతారు, స్టాకు లేదని జవాబు వస్తుంది, ఫైలు అక్కడితో మూసేస్తారు. మీరు అడగాల్సింది మొదటిది. పార్ట్ టూ ఆర్డర్ పడితే మిగతా రెండూ దాని వెనకే వస్తాయి. అది లేకపోతే ఆ మెడల్ కాగితం మీద పుట్టనట్టే.

నాన్నగారి విషయంలో ఎక్కడ జారిపోయిందో ఊహించవచ్చు. అటాచ్‌మెంట్ మీద ఉన్న మనిషి రోజువారీ హాజరు అటాచ్ అయిన యూనిట్‌లో ఉంటుంది, పార్ట్ టూ ఆర్డర్ వేయాల్సింది సొంత యూనిట్. ఆ యూనిట్ నుంచి ఈ యూనిట్‌కి అర్హత సర్టిఫికెట్ రాకపోతే ఎవరూ వేయరు. శ్రీలంక నుంచి తిరిగొచ్చాక పోస్టింగుల హడావుడిలో ఇలా పోయినవి ఎన్నో ఉన్నాయి. ఇరవై ఏళ్ల మెడల్ పోవడానికి కారణం వేరు: పెన్షన్‌కి దగ్గర పడ్డాక యూనిట్ డిశ్చార్జ్ కాగితాల మీదే పడుతుంది, మెడల్ రోల్‌లో, అంటే అర్హుల జాబితాలో, పేరు పంపడం మరిచిపోతుంది. సెలవు మీరి ఉండిపోయిన రోజులో, చెప్పకుండా గైర్హాజరైన రోజులో ఉంటే అవి సర్వీసు లెక్కలోంచి పోతాయి. మీకు కనీసం ఏడాది ఎక్కువే ఉంది కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా షీట్ రోల్ చూశాకే గట్టిగా చెప్పాలి.

పశ్చిమీ స్టార్ మాట వదిలెయ్యండి. అది 1971లో పశ్చిమ రంగంలో, నిర్ణయించిన యుద్ధ ప్రాంతంలో ఉన్నవాళ్లకి. తూర్పున ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్. ట్రైనింగ్ సెంటర్లో ఉన్నవాళ్లకి సంగ్రామ్ మెడల్ వస్తుంది, అది మీకు ఇచ్చారు. రాని మెడల్‌ని అప్లికేషన్‌లో కలిపితే వచ్చేవాటి మీద కూడా అనుమానం పడుతుంది.

మీరు అడగనిది మరొకటుంది. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకి స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ ఇచ్చారు. నాన్నగారు అప్పటికే చేరి ఉన్నారు. బుక్కులో ఆ ఎంట్రీ లేకపోతే అదీ రాయండి. 1997 స్వర్ణోత్సవ మెడల్ మాత్రం రాదు, అప్పటికి ఇంటికొచ్చేశారు.

అంటే మీ అప్లికేషన్‌లో మూడు: శ్రీలంక క్లాస్ప్‌తో (మెడల్ రిబ్బను మీద ఆ పేరుండే పట్టీ) స్పెషల్ సర్వీస్ మెడల్, 20 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్. వెళ్లాల్సిన చోటు సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్ ఆఫీసు. స్పర్శ్ పెన్షన్ చెల్లింపు కోసం పెట్టిన వ్యవస్థ, మెడల్స్ అక్కడ తేలవు.

బరంపురం_సాబ్:
పైన చెప్పినదంతా సరైనదే. నేను కాగితాల సంగతి చెబుతాను.

అప్లికేషన్ ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాయండి. ఒడియాలోనో తెలుగులోనో పంపితే పక్కన పడిపోతుంది. ఆఫీసర్ ఇన్‌చార్జ్, ఈఎంఈ రికార్డ్స్ పేరు మీద, నాన్నగారి సంతకంతోనే. సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయించి సైనిక్ బోర్డు సెక్రటరీతో గానీ గెజిటెడ్ ఆఫీసరుతో గానీ అటెస్ట్ చేయించండి. విషయం వరుసలోనే ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, ట్రేడ్ ఉండాలి. నంబరు చివర ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటుంది, దాన్ని వదలొద్దు. అంకెలు సరిగా రాశారో లేదో పట్టుకునేది ఆ అక్షరమే. అది తప్పితే వేరే మనిషి ఫైలు తెరుస్తారు, లేదా అసలు తెరవరు. నాయబ్ సుబేదారుగా రిటైరైనవాళ్లకైతే జేసీతో మొదలయ్యే కొత్త నంబరు ఉంటుంది. వాళ్లు రెండు నంబర్లూ రాయాలి, ఎందుకంటే పాత మెడల్ ఆర్డర్లు జవాను నంబరు మీద పడి ఉంటాయి.

ఒక్కో మెడల్‌కి ఒక్కో పేరా. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ యూనిట్‌లో, ఎక్కడ, ఎవరికి అటాచ్ అయ్యి. శాంతి సేన మొత్తం కాలం 1987 జూలై నుంచి 1990 మార్చి వరకు. ఆ లోపల నాన్నగారు ఉన్న నెలలు స్పష్టంగా ఉండాలి. "1988లో శ్రీలంకలో పనిచేశాను" అని రాస్తే వెతికేవాడికి పట్టు దొరకదు.

రుజువులుగా మూవ్‌మెంట్ ఆర్డర్, అక్కడి నుంచి సెలవు మీద వచ్చినప్పటి లీవ్ సర్టిఫికెట్, ఫీల్డ్ ఏరియా భత్యం కనిపించే జీత పత్రం, ఫీల్డ్ హాస్పిటల్ కాగితం గట్టివి. ఇంట్లో పాత ఇన్‌లాండ్ లెటర్లు ఉంటే జతచేయవచ్చు, కానీ వాటి మీదే ఆధారపడకండి. 56 ఏపీవో, 99 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) ముద్ర మనిషి ఫీల్డ్ పోస్టాఫీసు పరిధిలో ఉన్నాడని చెబుతుంది, ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పదు. ఫొటోలు ఇంకా బలహీనం. అప్పట్లో నాన్నగారితో కలిసి ఉన్న సుబేదారుగానీ ఆఫీసరుగానీ బతికి ఉంటే తన నంబరు, ర్యాంకు వేసి ఒక పేజీ రాసిస్తే చాలా పనిచేస్తుంది.

జిల్లా సంగతికి కంగారు అక్కర్లేదు. రాయగడ, గజపతి జిల్లాలు రెండూ 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. అంతకుముందు గుణుపురం కోరాపుట్ జిల్లాలోది, పర్లాకిమిడి గంజాం జిల్లాలోది. నాన్నగారు జనవరిలోనే వచ్చేశారు కాబట్టి బుక్కులో కోరాపుట్ అని ఉండటమే సరైనది. అప్లికేషన్‌లో చిరునామా కింద ఒక్క వాక్యం రాయండి: "నమోదైన చిరునామాలోని కోరాపుట్ జిల్లా ప్రాంతం ప్రస్తుతం రాయగడ జిల్లాలో ఉంది". ఈ వాక్యం లేకపోతే వెరిఫికేషన్ కాగితం తప్పు ఆఫీసుకి పోయి అక్కడే పడి ఉంటుంది. పాతపట్నం, పార్వతీపురం వైపు చేరి తర్వాత ఇటు స్థిరపడినవాళ్లకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. వాళ్ల నమోదు శ్రీకాకుళం, విజయనగరం వైపు సైనిక్ ఆఫీసులో ఉంటుంది, మనిషి ఒడిశాలో ఉంటాడు. ముందు ఆ నమోదును ఇక్కడికి మార్పించుకోవాలి.

పేరు సంగతి మెడల్ అప్లికేషన్‌లో కలపొద్దు. రెండూ ఒకే ఉత్తరంలో ఉంటే రెండు సెక్షన్ల మధ్య నలిగి ఏదీ తేలదు. రికార్డులో ఉన్న పేరుతోనే, అదే స్పెల్లింగ్‌తో రాయండి. ఆధార్‌లో ఉన్న మనిషీ ఈ మనిషీ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి జత చేస్తే చాలు. మన తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా ఆధార్ సెంటర్లో దాన్ని చివరికి నెడతారు. సరిచేయాల్సింది ఆధార్‌ని, ఆర్మీ రికార్డును కాదు. డిశ్చార్జ్ అయ్యాక రికార్డులో పేరు మార్పించడం పెద్ద పని.

డిశ్చార్జ్ బుక్ ఒరిజినల్ ఇప్పుడే పంపొద్దు. ప్రతి పేజీ, ఖాళీ పేజీతో సహా, జిరాక్స్ తీసి నాన్నగారి సంతకం పెట్టించండి. పార్ట్ టూ ఆర్డర్ పడ్డాక ఎంట్రీ వేయడానికి రికార్డ్స్ వాళ్లే ఒరిజినల్ అడిగితే అప్పుడు పంపండి, డెలివరీ రుజువు ఉండేలా, సైనిక్ బోర్డు కవరింగ్ లెటర్‌తో అయితే మరీ మంచిది.

గుణుపురం_అబ్బాయి:
చాలా థాంక్స్ సార్. షీట్ రోల్ చూశాకే గట్టిగా చెప్పాలి అన్నారు. దాన్ని తెప్పించుకోవడం ఎలా? ఆర్టీఐ నా పేరు మీద వేయవచ్చా?

పాత_హెడ్‌క్లర్క్:
మీ పేరు మీద వేస్తే వ్యక్తిగత సమాచారం అని సెక్షన్ 8(1)(జె) కింద తిప్పి పంపేస్తారు. నాన్నగారి పేరు మీదే వేయండి. ఆయన గుర్తింపు కార్డు, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) మొదటి పేజీ జత చేయండి. ఆన్‌లైన్ ఆర్టీఐ పోర్టల్‌లో భారత సైన్యాన్ని ఎంచుకుని వేయవచ్చు, లేదా పోస్టాఫీసులో 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకుని రాతపూర్వకంగా పంపవచ్చు. నకళ్లకి పేజీకి 2 రూపాయలు అడుగుతారు.

ప్రశ్న ఎలా అడుగుతారన్నదే అసలు పని. "నాకు మెడల్ ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే అది సమాచారం కాదంటారు. ఇలా అడగండి: షీట్ రోల్ మొత్తం ధ్రువీకరించిన నకలు, మెడల్స్‌కి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు, చేరిన రోజు నుంచి డిశ్చార్జ్ దాకా పోస్టింగులు, అటాచ్‌మెంట్ల తేదీలు. ఈ మూడు చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సగమే వచ్చినా ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కి.

జవాబు వచ్చాక చూడండి. ఒక్కోసారి పార్ట్ టూ ఆర్డర్ ఎప్పుడో పడి ఉంటుంది, డిశ్చార్జ్ బుక్కులో రాయడమే మర్చిపోయి ఉంటారు. అప్పుడు పని సగానికి సగం తగ్గుతుంది, ఆర్డర్ నంబరు వేసి ఎంట్రీ మాత్రం అడిగితే సరిపోతుంది. అందుకే ముందు ఆర్టీఐ, తర్వాత అప్లికేషన్.

రికార్డ్స్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కేంద్ర ప్రజా ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో వేయండి. డబ్బేమీ కట్టక్కర్లేదు. పంపిన అప్లికేషన్, డెలివరీ రుజువు అప్‌లోడ్ చేయాలి. ఊరికే మూసేస్తే 30 రోజుల్లో అక్కడే అప్పీలు ఉంది.

పర్లాకిమిడి_టీచర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా మావయ్యగారు 1971లో తూర్పున బుల్లెట్ గాయం తిన్నారు. పెన్షన్ లేకుండానే బయటికొచ్చారు, తర్వాత డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేసి అక్కడ పెన్షన్ తీసుకున్నారు. ఇప్పుడు లేరు. అత్తయ్యగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. పూర్వీ స్టార్ ఉండేది, ఇల్లు మారినప్పుడు పోయింది. గాయానికి ఏ మెడలూ ఇవ్వలేదు.

బరంపురం_సాబ్:
అమ్మా, మీది రెండు పనులు. పోయిన పూర్వీ స్టార్‌కి డూప్లికేట్ అడగవచ్చు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు నకలు, అత్తయ్యగారి అఫిడవిట్ కావాలి, రుసుము కూడా ఉంటుంది. మెడల్ మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి కాబట్టి నంబరు తప్పు లేకుండా రాయండి. బజారులో అమ్మే నకళ్లు కొని సరిపెట్టుకోవద్దు.

గాయం సంగతి అసలైనది. శత్రువు దాడిలో నేరుగా గాయపడినవాళ్లకి వూండ్ మెడల్ ఉంది, ఇప్పుడు దాన్ని పరాక్రమ్ పదక్ అంటారు. దానికి మూలం, ఆయన్ని బ్యాటిల్ క్యాజువాల్టీగా, అంటే యుద్ధంలో గాయపడినవాడిగా, చూపిన పార్ట్ టూ ఆర్డర్. ఆ ఎంట్రీ దొరికితే మెడల్‌తో ఆగదు, వార్ ఇంజురీ పెన్షన్ ఆయనకి రావాల్సి ఉండేదా అన్న ప్రశ్న కూడా తెరుచుకుంటుంది. కాబట్టి దాన్ని గట్టిగా పట్టుకోండి. హాస్పిటల్ డిశ్చార్జ్ స్లిప్పు, మెడికల్ బోర్డు కాగితం ఏమున్నా పారేయొద్దు.

పాత_హెడ్‌క్లర్క్:
దీనికి ఒక్కటి కలుపుతాను. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాలను రికార్డ్స్ 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తుంది, నిబంధనలే అలా ఉన్నాయి. ఆ జవాబు చూసి చాలామంది ఊరుకుంటారు. మీరు ఊరుకోవద్దు. లాంగ్ రోల్ అనే రిజిస్టరు ఉంచుతారు, అందులో క్లుప్తంగా వివరాలుంటాయి. దాని నకలు వేరుగా అడగండి. డీఎస్‌సీలో రెండో సర్వీసు చేశారు కాబట్టి కన్నూరులోని డీఎస్‌సీ రికార్డ్స్‌కీ అదే ఉత్తరం పంపండి. మొదటి సర్వీసు కాగితాలు వాళ్ల దగ్గరికి చేరి ఉండే అవకాశం ఎక్కువ.

అప్లికేషన్ అత్తయ్యగారి పేరు మీదే ఉండాలి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ పెన్షన్ పీపీవో జత చేయాలి. ఫ్యామిలీ పెన్షన్ పీపీవోలో ఆమె పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

రికార్డ్స్ రాతపూర్వకంగా కాదంటే సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది. రిటైరైనవాళ్లు తాము ఉండే చోటి బెంచిలో వేసుకోవచ్చు. ఒడిశావాళ్లకి కోల్‌కతా, ఆంధ్ర వైపు వాళ్లకి చెన్నై. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలి, కాబట్టి తిరస్కరించిన ఉత్తరం, అది వచ్చిన కవరు మీద తేదీ ముద్ర, రెండూ దాచండి.