టమాటా డబ్బాలోంచి వచ్చినప్పుడు "పొలం నుంచి పళ్లెం" అనే మాట చెల్లుతుందా?

నానక్‌రామ్‌గూడ ఉద్యోగిని

మా కార్యాలయం హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉంది. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక ఇటాలియన్ రెస్టారెంటుకు నేను నెలకు రెండు మూడుసార్లు వెళ్తుంటాను. నా ప్రశ్న ఆ ఒక్క చోటికి సంబంధించినది కాదు కాబట్టి దాని పేరు రాయడం లేదు. ఆడంబరం లేని చోటు అది. కౌంటరు దగ్గర కావలసింది చెప్పి, నంబరు తీసుకుని, చెక్క బల్లల దగ్గర కూర్చుంటే పళ్లెం వస్తుంది. గోడ మీద పెద్ద నల్లబోర్డు ఉంది. దాని మీద "ఈ వారం మా పొలాలు" అని రాసి, కింద చేవెళ్ల, మొయినాబాద్, వికారాబాద్ అని సుద్దముక్కతో ఊళ్ల పేర్లు రాస్తారు.

మొన్న మంగళవారం మార్గరీటా పిజ్జా, జుకినీ (కీర దోసలా ఉండే కాయ) వేసిన సలాడ్ తీసుకున్నాను. పిజ్జా అంచు అక్కడక్కడా మాడి, పొంగి, చేత్తో విరిస్తే లోపల గాలిగూళ్లతో మెత్తగా ఉంది. మీద వేసిన బేసిల్ ఆకుల ఘాటు పళ్లెం బల్ల మీద పెట్టకముందే తగిలింది. రుచి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. తిన్నాక వడ్డించిన అబ్బాయిని, సాసులోని టమాటా ఈ మూడు ఊళ్లలో ఎక్కడిదని అడిగాను. అతను దాచకుండా చెప్పాడు: టమాటా ఇటలీ నుంచి వచ్చే డబ్బాలోది, పిండి కూడా అక్కడిదే, చీజ్ మాత్రం ఇక్కడి గేదెపాలతో చేసినది, ఆకులూ జుకినీ మొయినాబాద్ వైపువి. అంటే నా భోజనానికి ప్రాణమైన రెండు పదార్థాలు సముద్రం దాటి వచ్చాయి. బోర్డు మీద ఉన్న ఊళ్లు నాకు ఇచ్చింది పది ఆకులూ ఒక కాయా.

మాది మదనపల్లె దగ్గరి పల్లె. ధర పడిపోయిన ఏడు కోత కూలి కూడా రాదని మా నాన్నగారు పండిన టమాటాను చెట్టు మీదే వదిలేయడం చూస్తూ పెరిగాను. 2023 జూలైలో అదే టమాటా చాలా నగరాల్లో కిలో రెండు వందలు దాటింది. అందుకే "పొలం" అనే మాట గోడ మీద కనిపిస్తే నేను దాన్ని అలంకారంగా చదవలేను. ఆ పొలంతో ఆ వంటగదికి ఏ ఒప్పందమూ లేనప్పుడు, ఆ మాట వాడుకునే హక్కు వారికి ఉందా? లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

పొయ్యి దగ్గర పదేళ్లు

అమ్మా, మీ ఆవేదన అర్థమైంది గాని, మీ కొలబద్దతో నాకు పేచీ ఉంది. నేను ఇటాలియన్ వంటగదుల్లో పదేళ్లు పనిచేశాను. పదార్థం ఎంత దూరం నుంచి వచ్చిందన్న ఒక్క లెక్కతో ఈ వంటను తూచితే, ఇటలీలోనే చాలా వంటగదులు ఆ పరీక్షలో తప్పుతాయి. టమాటా వారి నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ కాయను మత్తియోలి అనే వైద్యుడు 1544లో తన గ్రంథంలో ప్రస్తావించాడు, అది వారి రోజువారీ వంటలో స్థిరపడడానికి ఆ తరువాత చాలా కాలం పట్టింది. ఎండు పాస్తాను డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమతోనే చేయాలని 1967లో చట్టం చేసుకున్న దేశం, ఆ గోధుమ తన పొలాల్లో చాలక కెనడా నుంచి కూడా తెప్పించుకుంటుంది.

ఇక డబ్బా టమాటా ఎందుకంటారా? మన దగ్గర దొరికే నాటు టమాటా పులుపు, రసం ఎక్కువ. పప్పుకూ చారుకూ దానికి సాటి లేదు. కానీ పిజ్జా సాసును వండరు. నలిపిన టమాటాను పచ్చిగానే పిండి మీద పరిచి పొయ్యిలోకి తోస్తారు. నీరున్న టమాటా పరిస్తే రొట్టె మధ్యలో ముద్దవుతుంది. హైబ్రిడ్ రకాలు గట్టిగా ఉంటాయి గాని, లారీ ప్రయాణం తట్టుకోవడానికి దోరగా కోసినవి కాబట్టి తీపి ఉండదు. నేపుల్స్ దగ్గరి సాన్ మార్జానో రకం కండ ఎక్కువ, గింజ తక్కువ, చెట్టు మీదే పండినది. ఆ ప్రాంతపు పేరుకు 1996 నుంచి ఐరోపాలో చట్టరక్షణ ఉంది. అది కూడా ఒక పొలమే, దాని వెనుకా ఒక రైతు ఉన్నాడు.

మరోవైపు మనకు సహజంగా ఉన్న బలాన్ని చూడండి. ఇటలీలో పేరుపడ్డ కంపానియా ప్రాంతపు మొజరెల్లా చీజ్‌ను గేదెపాలతోనే చేస్తారు. మనకు గేదెపాలు కొత్తా? పొద్దున పితికిన చిక్కటి పాలను విరిచి, ఆ ముద్దను మరిగే నీళ్లలో వేసి, చెక్క గరిటెతో తీగలు తీగలుగా సాగదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తుంచి ఉండ చేస్తే, అదే సాయంత్రం పళ్లెంలోకి వస్తుంది. మీరు వాసన చూసిన బేసిల్ మొక్కా మనకు పరాయిది కాదు. వేసవిలో షర్బతులో నానబెట్టుకునే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే. పాలూ ఆకులూ పక్క ఊరి నుంచి తెచ్చి, మిగిలినవి ఎక్కడ బాగుంటే అక్కడి నుంచి తెచ్చే వంటవాడిని తప్పుపట్టలేను.

మధ్యాహ్నం ఒంటిగంట

నాది చిన్న మాట. మాకు భోజనానికి దొరికేది 45 నిమిషాలు. ఆ సమయంలో మాడని నూనెతో, నిన్నటిది కాని ఆకుకూరతో ఒక పళ్లెం దొరికితే చాలు. ఆ బోర్డు చదివి ఎవరూ అక్కడికి వెళ్లడం లేదని నా అనుభవం, బాగుందని వెళ్తున్నారు. ధర మాత్రం ఆ బోర్డు వల్లనే పెరిగిందేమోనన్న అనుమానం నాకూ ఉంది.

మొయినాబాద్ కౌలు రైతు

అందరికీ నమస్కారం. మీరు మాట్లాడుకుంటున్న బోర్డు మీద ఉన్న ఊళ్లలో ఒకటి మాది. మీ భోజనశాలకే ఇస్తున్నానో లేదో గాని, ఆ ప్రాంతంలోని రెండు రెస్టారెంట్లకు నేను మూడేళ్లుగా జుకినీ, బేసిల్, రెండు రకాల ఆకులు ఇస్తున్నాను. కాబట్టి ఈ చర్చలో పొలం తరఫున ఒకరు మాట్లాడాలి.

ముందుగా ఆ ఆఫీసుల ఆవరణ తీరు చెప్తాను. అక్కడ సోమవారం నుంచి శుక్రవారం దాకా జనం; అందులోనూ మంగళ, బుధ, గురువారాలు మరీ రద్దీ, ఎందుకంటే సోమ, శుక్రవారాల్లో చాలామంది ఇంటి నుంచి పనిచేస్తారు. శని, ఆదివారాల్లో ఆ వీధులు ఖాళీ. కానీ జుకినీ కాయకు ఆదివారం తెలియదు. ఈ రోజు జానెడు ఉన్న కాయ రెండు రోజులు ఆగితే మూరెడవుతుంది, గింజ కడుతుంది, అప్పుడు దాన్ని ఏ చెఫ్ కూడా తీసుకోడు. బేసిల్ పూత వేస్తే ఆకు చేదెక్కుతుంది. వారంలో మూడు రోజులు నా కాయకు మంచి ధర వస్తుంది, మిగిలిన నాలుగు రోజుల పంట బోయినపల్లి మార్కెట్టుకు వెళ్తుంది. అక్కడ జుకినీని అడిగేవారు తక్కువ, కమీషనూ హమాలీ ఖర్చూ పోగా డీజిలు డబ్బులు మిగిలితే గొప్ప. సెలవులు వరుసగా వచ్చిన వారం "ఈసారి వద్దు" అని రాత్రి పది గంటలకు సందేశం వస్తుంది. అప్పటికి నేను ఉదయపు కోతకు నలుగురు కూలీలకు మాట ఇచ్చి ఉంటాను.

రెండు రెస్టారెంట్లలో ఒకటి వేరుగా నడుచుకుంటుంది. నాటు వేయకముందే వచ్చి, సీజనంతటికీ కిలోకు ఒకే ధర మాట్లాడుకుని, వారానికి కనీసం ఇన్ని కిలోలు తీసుకుంటామని కాగితం మీద రాసి ఇచ్చారు. మార్కెట్టులో ధర పెరిగినప్పుడు నేను అదనం అడగను, పడినప్పుడు వారు తగ్గించరు. ఎక్కువ పండిన కాయను తురిమి సూపులోనూ, పాస్తా సాసులోనూ వాడే పద్ధతి వారి చెఫ్ పెట్టారు. రెండోది నా దగ్గర తీసుకునేది వారానికి పది కిలోలు, మిగిలింది మార్కెట్టు సరుకు. అయినా గోడ మీద మా ఊరి పేరు ఇద్దరూ ఒకే సైజు అక్షరాల్లో రాస్తారు. తినేవారికి తేడా ఎలా తెలుస్తుంది?

మరొక మాట కూడా చెప్పాలి. మా ఊరు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన 111వ జీవో పరిధిలోని 84 గ్రామాల్లో ఒకటి. ఇన్నేళ్లు ఇక్కడ కాలనీలు లేవక పొలాలు మిగిలాయంటే ఆ ఆంక్షల వల్లనే. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడు ఆగస్టులో, మాకు దగ్గరలోని కోకాపేటలో ఒక ఎకరం వేలంలో వంద కోట్లు దాటింది. నేను సాగుచేసే భూమి నాది కాదు, కౌలు మామూలుగా ఏడాదికి ఏడాది. యజమాని అమ్మేసిన రోజు నుంచి మీ పళ్లెంలోకి ఆకు రావాలంటే వికారాబాద్ దాకా వెళ్లాలి. అందుకే దూరం లెక్కల కంటే, రాసి ఇచ్చిన ధర నాకు ముఖ్యం. ఆ కాగితం చూపించే నేను కౌలు యజమానిని మరో రెండేళ్లకు ఒప్పించగలిగాను.

వినియోగదారుల పక్షం

చట్టం సంగతి కొంత చెప్పవలసి ఉంది. మన దేశంలో "ఆర్గానిక్" అని అమ్మాలంటే 2017 నాటి నిబంధనల ప్రకారం ధ్రువీకరణ ఉండాలి, పొట్లం మీద దానికి గుర్తు ఉంటుంది. 2018 నిబంధనలు ఆహార ప్రకటనల్లో "తాజా", "సహజ" వంటి మాటల వాడకానికి షరతులు పెట్టాయి. "పొలం నుంచి పళ్లెం" అనే మాటకు మాత్రం అటువంటి నిర్వచనం లేదు. ఆ ఖాళీలోనే ఈ బోర్డులు వేలాడుతున్నాయి. ఇటలీ ఆ పని 2022లో చేసింది: "సున్నా కిలోమీటరు" సరుకు అనాలంటే అది అమ్మే చోటుకు 70 కిలోమీటర్ల లోపు పండినదో, అదే జిల్లాలో పండినదో కావాలి, "పొట్టి గొలుసు" అనాలంటే రైతుకూ కొనేవారికీ మధ్య ఒకరికి మించి దళారి ఉండకూడదు. దూరం వేరు, దళారీల సంఖ్య వేరు అని గుర్తించి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టడం నాకు నచ్చింది. ఆ లెక్కన ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు వికారాబాద్ లోపలే ఉంటుంది. ఐదు వందల కిలోమీటర్లు దాటిన మదనపల్లె ఉండదు, కానీ అక్కడి రైతుతో నేరుగా ఒప్పందం ఉంటే రెండో పేరు చెల్లుతుంది.

కాలిఫోర్నియా నుంచి

ఈ పద్ధతికి పేరు తెచ్చిన చోటు మా దగ్గరే ఉంది. బర్క్‌లీలో 1971లో ఆలిస్ వాటర్స్ ప్రారంభించిన షే పనీస్ అనే రెస్టారెంటు అది. 1980లో పై అంతస్తులో కట్టెల పొయ్యి పెట్టి, పిజ్జాలు చేసే చిన్న కాఫీశాల తెరిచారు. ఆ తరువాత ఈ మాట దేశమంతటా మెనూల మీదికి ఎక్కింది. 2016లో ఫ్లోరిడాలోని టాంపా బే టైమ్స్ విలేకరి ఒకరు మెనూల మీద పేర్లున్న పొలాలకు ఫోన్లు చేసి విచారిస్తే, కొన్ని పొలాలు ఆ రెస్టారెంట్లకు అసలు ఏమీ అమ్మడం లేదని తేలింది. ఆమె చేసింది కేవలం అడగడమే. మనమూ అడగవచ్చు.

నానక్‌రామ్‌గూడ ఉద్యోగిని

అందరికీ కృతజ్ఞతలు. వంటగదిలో పనిచేసిన అన్నగారు చెప్పిన మాట ఒప్పుకుంటున్నాను: డబ్బా టమాటా తప్పు కాదు, నేను దూరాన్నే పట్టుకుని వాదించాను. నా అభ్యంతరం ఇప్పుడు మరొక చోట నిలిచింది. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి వాటి గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ఆ రోజు ఏ కూర ఎంతకు అమ్మాలో రాసి ఉంటుంది. ఈ రెస్టారెంటు బోర్డు మీద ఊళ్ల పేర్లు ఉన్నాయి, ధర లేదు, పరిమాణం లేదు, ఒప్పందం ఉందో లేదో లేదు. మొయినాబాద్ రైతుగారు చెప్పిన ఇద్దరిలో మొదటివారు ఆ మాట వాడుకోవచ్చు, సాసులో ఇటలీ టమాటా ఉన్నా సరే. రెండోవారు, పళ్లెంలో ప్రతి ఆకూ చేవెళ్లదే అయినా, వాడుకోకూడదు.

నిన్న మళ్లీ వెళ్లి మేనేజరుగారిని కూర్చోబెట్టి అడిగాను. ఆయన విసుక్కోలేదు, కొనుగోలు పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచారు. ఆ వారం పద్దుల్లో రెండు వరుసలకు ఎదురుగా మొయినాబాద్ అని, కిలో ధరతో సహా ఉంది. ఉల్లి, వెల్లుల్లి, దోస, క్యాప్సికమ్, టమాటా అన్నింటికీ ఎదురుగా బోయినపల్లి అని ఉంది. చేవెళ్ల, వికారాబాద్ పేర్లు ఆ వారం పుస్తకంలో లేవు. అవి వర్షాకాలంలో రాసినవి, చెరపలేదని చెప్పారు. సీజనుకు ధర కట్టే పద్ధతి గురించి చెప్పి, ఒక రైతుతోనైనా మొదలుపెట్టమని అడిగాను. యజమానితో మాట్లాడతామన్నారు. బోర్డు దిద్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి, ఈలోగా రెండు ఊళ్ల పేర్లు తీసేసి, బోయినపల్లి మార్కెట్టు అని, డబ్బా టమాటా ఇటలీదని ఆ బోర్డు మీదే రాయమని కోరాను. బుధవారం భోజనానికి వెళ్తాను. బోర్డు మీద ఏముందో చూసి ఇక్కడ రాస్తాను.