ఆటోమేటిక్ లాకింగ్ హబ్బులు: రివర్స్ వేసిన ప్రతిసారీ 'టక్' మంటోంది, పట్టు వదిలేస్తోందా?

మట్టిదారి:
అందరికీ నమస్కారం. నాది పాత పికప్, పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. ముందు చక్రాలకు కంపెనీ నుంచి వచ్చిన ఆటోమేటిక్ లాకింగ్ హబ్బులే (చక్రాన్ని దాని షాఫ్ట్‌తో వాటంతటవే కలిపి, విడదీసేవి) ఉన్నాయి. బురదలో దిగబడినప్పుడు ఫోర్ హై (నాలుగు చక్రాలకూ బలం పంపే స్థానం) వేసి ముందుకీ వెనక్కీ ఊపుతుంటే, గేరు మార్చిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం దగ్గర 'టక్' అని వినిపిస్తోంది. కుడి వైపు ఏ చప్పుడూ లేదు. వెనక టైర్లు మాత్రం తిరిగి తిరిగి ఇంకా లోతుకు పోతున్నాయి. డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు వెలుగుతూనే ఉంటుంది. గట్టి రోడ్డెక్కి టూ హైలోకి (వెనక చక్రాలకే బలం పంపే స్థానం) తెచ్చాక కూడా ముందు నుంచి హోరు వస్తోంది. ఇవి తీసేసి మాన్యువల్ హబ్బులు (చేత్తో తిప్పి లాక్ చేసేవి) వేయించుకోమంటున్నాడు మా మెకానిక్. నిజంగా అవసరమా?

గేర్లపెట్టె:
మట్టిదారి గారూ, తొందరపడి ఏదీ మార్చకండి. ఆ 'టక్' ఒక్కటీ వినిపించినంత మాత్రాన హబ్బు పోయినట్టు కాదు. లోపల పళ్ళున్న రింగు ఒకటి, దాన్ని నెట్టే క్యామ్ ఒకటి ఉంటాయి. ఫోర్ హై వేసి బండి కదిలిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె) నుంచి ముందు డిఫరెన్షియల్‌కు (దాన్ని ఎడమ, కుడి వైపులకు పంచే గేర్లు), అక్కడి నుంచి చక్రానికి వెళ్ళే హాఫ్ షాఫ్ట్‌కు తిరుగుడు వస్తుంది. ఆ తిరుగుడుకే క్యామ్ మెట్టెక్కి రింగును నెడుతుంది, పళ్ళు కలిసి షాఫ్ట్, చక్రం ఒకటవుతాయి. మీరు రివర్స్ వేస్తే క్యామ్ ఆ మెట్టు దిగి, మధ్య ఖాళీ దాటి, అవతలి మెట్టు ఎక్కాలి. మీకు వినిపించేది అదే. దాటుతున్న ఆ కాసేపు ముందు చక్రాలకు బలం అందదు. అందుకే ఈ హబ్బులున్న బండిని బురదలో గబగబా ఊపకూడదు. గేరు వేశాక క్లచ్ నెమ్మదిగా వదిలి, హబ్బు పట్టుకున్నాకే యాక్సిలరేటర్ తొక్కాలి. అంతకంటే ముఖ్యం, బురద కనబడగానే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే ఫోర్ హై వేసుకుని తిన్నగా కొంచెం దూరం నడపండి. దిగబడ్డాక వేస్తే హబ్బు పట్టుకునే లోపే వెనక టైర్లు గొయ్యి తవ్వేస్తాయి.

నాకు అనుమానంగా ఉన్నది కుడి వైపు. దిశ మారినప్పుడు రెండు వైపులా చప్పుడు రావాలి. ఒక హబ్బు పట్టి రెండోది పట్టకపోతే సగం బలమైనా వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. ముందు డిఫరెన్షియల్‌కు లాకర్ (రెండు షాఫ్టులనూ కలిపి తిప్పే ఏర్పాటు) లేకపోతే, పట్టని వైపు షాఫ్ట్ ఊరికే తిరిగిపోతుంది, పట్టిన చక్రానికి దాదాపు ఏమీ చేరదు. అంటే మీరు ఫోర్ హై అనుకుంటూ వెనక చక్రాల మీదే నడుపుతున్నారన్నమాట. ఆ లైటును చూసి ధైర్యపడొద్దు. చాలా బండ్లలో దాని స్విచ్ ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉంటుంది, హబ్బు సంగతి దానికి తెలియదు.

ఇలా చూడండి. సమతలం మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు చెక్కలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. ఇంజన్ ఆపే ఉండాలి. టూ హైలో పెట్టి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పుతూ లోపలి హాఫ్ షాఫ్ట్ చూడండి. అది కదలకూడదు. కదిలితే ఆ హబ్బు వదల్లేదు. మీ హోరు అక్కడిదే కావచ్చు. టూ హైకి తెచ్చినంత మాత్రాన ఈ రకం హబ్బులు విడిపోవు. బండి ఆపి, టూ హైలో పెట్టి, స్టీరింగ్ తిన్నగా ఉంచి రెండు మూడు మీటర్లు వెనక్కి నడపాలి. మలుపులో వెనక్కి తీస్తే ఒకటి విడిపోయి రెండోది ఉండిపోవచ్చు. సరైన దూరం మీ బండి మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది.

కొండదారి:
మాన్యువల్ హబ్బుల వైపు మాట కూడా చెప్పనివ్వండి. నా బండికి అవే. దిగి రెండు చక్రాల దగ్గరా డయల్ తిప్పాలి, వానలో అది విసుగే. కానీ ఒకసారి లాక్‌లో పెడితే దిశ మారినా వదలవు. కొన్ని ఆటోమేటిక్ డిజైన్లలో నిటారు దిగుడులో ఇంజన్ బ్రేకింగ్ మీద దిగేటప్పుడు కూడా ముందు చక్రాలు పట్టు వదులుతాయి, నాకు ఆ భయం ఉండకూడదు. దారి తీరు చూసుకుని పొద్దున్నే లాక్ చేసి టూ హైలోనే నడుపుతాను. ముందు షాఫ్టులు ఊరికే తిరుగుతాయి, ఇంధనం కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అంతే. అసలు ఈ హబ్బుల వాడకం పెరిగిందే అందుకు. ఆర్థర్ వార్న్ 1948లో అమ్మడం మొదలుపెట్టింది, యుద్ధంలో మిగిలిన జీపులు మామూలు రోడ్డు మీద ముందు యాక్సిల్‌ను మోసుకు తిరగకుండా చేయడానికే. మార్చాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, కొన్ని బండ్లలో చక్రం బేరింగు నట్టు కూడా మారుతుంది. అది అడగకుండా కిట్టు కొనొద్దు.

మట్టిదారి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎత్తి చూశాను. టూ హైలో రెండు షాఫ్టులూ కదలడం లేదు, తిన్నగా వెనక్కి తీసి వచ్చాను కాబట్టి. కుడి హబ్బు మూత విప్పితే లోపలంతా గ్రీజు ముద్ద, నల్లబడి జిగురులా ఉంది. రింగును వేలితో నెడితే సగం దూరం వెళ్ళి ఆగిపోతోంది, స్ప్రింగు వెనక్కి లాగడం లేదు. ఎడమ హబ్బులో పల్చటి పూత మాత్రమే ఉంది, రింగు చకచకా ఆడుతోంది. ఇంతకుముందు బేరింగులు మార్చినవాళ్ళు కుడి వైపు బేరింగు గ్రీజునే హబ్బు నిండా కుక్కినట్టున్నారు.

గేర్లపెట్టె:
దొరికింది. మొత్తం విప్పి కిరోసిన్‌లో కడిగి, బాగా ఆరనిచ్చి, పళ్ళ అంచులు అరిగాయేమో వెలుతురులో చూడండి. గుండ్రంగా అరిగి ఉంటే ఆ హబ్బు మార్చాల్సిందే, కడిగి లాభం లేదు. బాగుంటే బండి మాన్యువల్ పుస్తకంలో చెప్పిన గ్రీజు పల్చగా రాయండి, అంతకు మించి ఒక్క ముద్ద కూడా వద్దు. మూత గాస్కెట్ కొత్తది వేయండి, ఓ-రింగు ఉంటే అది కూడా. నీళ్ళు దిగితే నెలల్లోనే మళ్ళీ ఇదే పరిస్థితి. బిగించాక స్టాండ్ల మీద కాదు, వదులు మట్టిలో ఫోర్ హై వేసి నడిపి చూడండి. రెండు వైపులా 'టక్' వినిపిస్తే మాన్యువల్ హబ్బులు మీకు అవసరం లేదు.