402 మీటర్లకి పోలో: 17 అంగుళాల వీల్సా, 15కి దిగాలా?

సనత్‌నగర్_పోలో: మాది పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాను. టైర్లు కంపెనీవే, 195/55 ఆర్16 (వెడల్పు 195 మి.మీ., సైడ్‌వాల్ అంటే టైరు పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు). లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్‌లో వ్యాలీ రన్ లాంటి 402 మీటర్ల డ్రాగ్ రేస్‌లో దిగాలని కోరిక. ఒకటో గేర్‌లో ముందు చక్రాలు ఊరికే తిరిగేస్తున్నాయి. షాపువాడు 17 అల్లాయ్స్ మీద 205/45 వేయమంటున్నాడు, ఫ్రెండ్స్ 15కి దిగమంటున్నారు. ఏది కరెక్ట్?

గుంటూరు_గేర్‌బాక్స్: 15 మీద 195/50 వేసెయ్ తమ్ముడూ. స్టాక్ టైరు ఎత్తు 621 మి.మీ., ఇది 576. గేరింగ్ ఏడు శాతం పొట్టి అయినట్టే, అంటే ప్రతి గేర్‌లో చక్రాలకి తోపు ఎక్కువ. ఇంజిన్ ముట్టుకోకుండా పికప్ వస్తుంది.

బెజవాడ_టర్బో: అన్నా, అతను పికప్ లేదనట్లేదు, గ్రిప్ లేదంటున్నాడు! ఇది ఫ్రంట్ వీల్ డ్రైవ్. క్లచ్ వదలగానే బరువు వెనక్కి పోయి, లాగాల్సిన చక్రాలే తేలికైపోతాయి. వాటికి ఇంకో ఏడు శాతం తోపు ఇస్తే పొగ తప్ప ఏం రాదు. పైగా గీత దాటేలోపు ఒక గేర్ ఎక్కువ వేయాల్సి రావచ్చు. 17 వేస్తే కనీసం 205 వెడల్పు దక్కుతుంది.

డాలస్_సివిక్: ఇద్దరూ రిమ్ దగ్గరే ఆగిపోయారు. ఇక్కడ పాత హోండా సివిక్‌లతో డ్రాగ్ ఆడేవాళ్లు 13 అంగుళాల రిమ్ మీద 24.5 అంగుళాల ఎత్తున్న స్లిక్ (గాడుల్లేని నున్నటి రేస్ టైరు) వేస్తారు. 24.5 అంటే 622 మి.మీ., అచ్చంగా మీ పోలో టైరు ఎత్తు. చిన్నది రిమ్మే, టైరు కాదు. లాంచ్‌లో, అంటే ఒక్కసారిగా బయల్దేరేటప్పుడు పడే దెబ్బని సైడ్‌వాల్ మింగుతుంది. 205/45 ఆర్17లో అది 92 మి.మీ. మాత్రమే. 195/60 ఆర్15లో 117, ఎత్తేమో 615, గేరింగ్ దాదాపు స్టాకే. ఆ 10 మి.మీ. వెడల్పు కంటే రబ్బరు ఎంత మెత్తనన్నదే ముఖ్యం. ఆ 17 అల్లాయ్‌ని ఒకసారి తూకం కూడా వేయించండి, సగం షో వీల్స్ ఇనప దిమ్మలే.

గుంటూరు_గేర్‌బాక్స్: బాగా చెప్పారు గానీ డాలస్ గారూ, 60 సిరీస్‌లో ఇక్కడ షాపుల్లో కనిపించేవన్నీ మైలేజీ టైర్లే. నాన్‌కాంగ్ ఏఆర్-1 లాంటి సెమీ స్లిక్ (గాడులు తక్కువున్న మెత్తని టైరు) కావాలంటే 195/50, 205/50 వైపే చూడాలి. నేను 50 అన్నది అందుకే.

డాలస్_సివిక్: అక్కడ మీదే పైచేయి. అలాగైతే 205/50 తీసుకోండి. ఎత్తు 586, తగ్గేది ఐదున్నర శాతమే. పోలోకి కొన్ని కింది వేరియంట్లలో 15 వీల్సే వచ్చాయి కాబట్టి బ్రేకులకి తగలకూడదు. బయటి రిమ్ అయితే 5x100 పీసీడీ (బోల్టు రంధ్రాల అమరిక), ఆఫ్‌సెట్ (రిమ్ ఎంత లోపలికి కూర్చుంటుందన్నది), స్పోక్ వంపు చూసుకోవాలి.

బెజవాడ_టర్బో: సరే, 17 మాట వెనక్కి తీసుకుంటా. 15 మాత్రం ఇప్పుడే వద్దు. పోలోలో ఉన్నది ఓపెన్ డిఫరెన్షియల్, ఒక చక్రం జారితే రెండోదీ లాగదు. ఆ రిమ్ముల డబ్బు ఎల్‌ఎస్‌డీకి (బలమంతా జారే చక్రానికే పోకుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) దాచు. ఈలోగా స్టాక్ వీల్స్ మీదే ముందు గాలి రెండేసి పీఎస్‌ఐ చొప్పున తగ్గిస్తూ టైమ్ రాసుకో. మరీ దించితే టైరు మెలికలు తిరుగుతుంది, అక్కడ ఆపెయ్. వెనక మాత్రం తగ్గించకు. ఇంకోటి, గాడులున్న టైర్లతో బర్నౌట్ నీళ్లలోకి (టైర్లు తిప్పి వేడెక్కించడానికి స్టార్ట్ ముందు పోసే నీళ్లు) పోవద్దు. ఆ నీళ్లు గాడుల్లో పట్టుకొని స్టార్ట్ లైన్ దాకా వస్తాయి, వెనకొచ్చేవాడు తిడతాడు.

సనత్‌నగర్_పోలో: గాలి సంగతి ఈ ఆదివారమే ఓఆర్ఆర్ మీద చూసేస్తా.

గుంటూరు_గేర్‌బాక్స్: ఓఆర్ఆర్ మీద వద్దు తమ్ముడూ. ట్రాక్ డే దొరికేదాకా ఆగు. అప్పటిదాకా 205/50 రేట్లు కనుక్కో.

బెజవాడ_టర్బో: ఎల్‌ఎస్‌డీ రేటు కూడా.