నాఖుదా తుపాకికి కూడా కాగితమా?

గోదారోడు (మస్కట్)

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర. పదకొండేళ్ల నుంచి మస్కట్‌లో ఏసీ ప్లాంట్ల పని చేస్తున్నా. చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు, తప్పులుంటే తిట్టకుండా దిద్దండి.

మొన్న సెలవులకి సూర్ వెళ్లాం. అక్కడ ఫతహ్ అల్ ఖైర్ అనే పాత తెరచాప ఓడని జాగ్రత్తగా నిలబెట్టి ఉంచారు. 1951లో ఆ ఊళ్లోనే కట్టిన ఓడ. నాతో పనిచేసే ఒమానీ ఆయనది సూరే. వాళ్ల తాత నాఖుదా అట, అంటే ఓడకి పెద్ద. ఖర్జూరం వేసుకుని బొంబాయి, కాలికట్ దాకా వెళ్లి, వచ్చేటప్పుడు టేకు దుంగలు తెచ్చేవాడట. ఆ ఓడ నీడలో నిలబడి ఆయన ఒక మాట అన్నాడు, అది నన్ను వదలట్లేదు. "మా తాత పెట్టెలో రెండు కాగితాలు ఉండేవి. ఒకటి ఓడది, ఒకటి తుపాకులది. రెండోది పోతే మొదటిది ఉన్నా లాభం లేదనేవాడు."

సరుకు మోసుకెళ్లేవాడికి తుపాకులెందుకు? వాటికి కాగితం అడిగిందెవరు? ఇంగ్లీషువాళ్లు అంటే, వాళ్లు ఒమన్‌ని మనల్ని ఏలినట్టు ఏలలేదు కదా, మరి ఆ అధికారం ఎక్కడిది? బొంబాయిలో దిగితే తుపాకి లాక్కునేవారా? ఆయన్నే అడిగితే "తాతని అడగాలి, ఆయన లేడు" అని నవ్వేశాడు.

పాత గుమాస్తా (కాకినాడ)

బాబూ, మంచి ప్రశ్న వేశావు. నేను ముప్పై రెండేళ్లు కాకినాడ రేవులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేశాను. ఓడ కాగితాలంటే నాకు అన్నం పెట్టిన కాగితాలు. రిటైరయ్యాక పొద్దుపోక పాత ఒప్పందాలు చదవడం అలవాటైంది. కాస్త పొడుగ్గా చెబుతా, ఓపిక పట్టు.

మీ స్నేహితుడి తాత కాగితానికి మూలపురుషుడు 1820 నాటివాడు. 1819 డిసెంబరులో ఇంగ్లీషు నౌకలు ఇప్పటి ఎమిరేట్లలో ఉన్న రస్ అల్ ఖైమా రేవు మీద పడి కోటని, ఓడల్ని తగలబెట్టాయి. సముద్రపు దోపిడీలు ఆపడానికి అన్నారు. తర్వాతి నెలలో ఆ తీరపు షేకుల చేత ఇంగ్లీషు సేనాని జనరల్ కీర్ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించాడు. అందులో ఐదో షరతు చూడు. ప్రతి ఓడలోనూ షేకు సంతకంతో రెండు కాగితాలుండాలి. మొదటిది రిజిస్టరు. ఓడ పేరు, పొడవు, వెడల్పు, ఎన్ని కారాల (అప్పటి సరుకు కొలత) సరుకు పడుతుందో అందులో రాయాలి. రెండోది రేవు వదిలే కాగితం, అదే పోర్ట్ క్లియరెన్స్. యజమాని పేరు, నాఖుదా పేరు, మనుషులు ఎంతమంది, ఆయుధాలు ఎన్ని, ఎక్కడినుంచి ఎప్పుడు బయల్దేరింది, ఏ రేవుకి వెళుతోంది అన్నీ ఇందులో ఉండాలి. ఇంగ్లీషు ఓడ ఎదురైతే రెండూ చూపించాలి.

ఇది మొదటిసారి చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అదే పోర్ట్ క్లియరెన్సు నేను వేలసార్లు టైపు చేశాను మరి. మనుషుల లెక్క పక్కనే ఆయుధాల లెక్క. ఒక్కటి గమనించు, ఆయుధం ఉండకూడదని ఆ షరతులో లేదు. ఎన్ని ఉన్నాయో చెప్పమన్నారు, అంతే. వాళ్లకీ తెలుసు, నెలల తరబడి వెళ్లే ఓడ వట్టి చేతులతో వెళ్లదని. దోచుకునేవాళ్లు గల్ఫు పై కొసన కలిసే షత్ అల్ అరబ్ నది ముఖద్వారంలోనూ ఉండేవాళ్లు, బయటా ఉండేవాళ్లు.

ఇక బొంబాయి సంగతి. వైస్రాయి లిట్టన్ దొర కాలంలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది కదా, మన జనం చేతిలో కత్తీ తుపాకీ లైసెన్సు లేకుండా ఉండకూడదన్న చట్టం. దాని మొదటి సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. సముద్రం మీద తిరిగే ఓడలో, ఆ ఓడ మామూలు ఆయుధ సామగ్రిలో భాగంగా ఉన్నవాటికి చట్టం వర్తించదు. అంటే తుపాకి ఓడలో ఉన్నంతసేపు ఫరవాలేదు. భుజాన వేసుకుని ఒడ్డున తిరిగితే మాత్రం 13వ సెక్షన్, లైసెన్సు కావాలి. అమ్మడానికి తెస్తే అది దిగుమతి, 6వ సెక్షన్.

ఈ "మామూలు సామగ్రి" అన్న మాట మా వృత్తిలో వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఓడ రేవుకి రాగానే కెప్టెను స్టోర్స్ లిస్టు ఇస్తాడు. సిబ్బంది తాగే సారా, కాల్చే సిగరెట్లు ఓడవి, సరుకు కావు, కాబట్టి సుంకం లేదు. కానీ గదిలో పెట్టి కస్టమ్స్ వాళ్లు సీలు వేస్తారు. ఒకసారి ఒక ఓడలో వంటవాడు సిగరెట్ల డబ్బా ఒక్కటి కోసం సీలు తెంపాడు. తెల్లవార్లూ నేను, కెప్టెను, ఇన్‌స్పెక్టరు కూర్చుని ఆరువేల సిగరెట్లు లెక్కపెట్టాం. అదే సిగరెట్టు గదిలో ఉంటే స్టోర్సు, బయట ఉంటే స్మగ్లింగు. తుపాకీ అంతే. పది మంది కళాసీలున్న ఓడలో పది తుపాకులుంటే ఆత్మరక్షణ. నలభై ఉంటే?

ఈ నలభై దగ్గరే అసలు గొడవ మొదలైంది. యూరప్ సైన్యాలు కొత్తవి కొనుక్కుని పాత రైఫిళ్లు అమ్మేసేవి. మార్టినీ హెన్రీ రైఫిళ్లు అవీ మస్కట్‌లో దిగేవి. అక్కడినుంచి చిన్న ఓడల్లో రాత్రికి రాత్రి సముద్రం అవతల ఇరాన్, బలూచిస్తాన్‌ల మక్రాన్ తీరానికి, అక్కడినుంచి ఒంటెల మీద అఫ్గానిస్తాన్‌కి, చివరికి మన వాయవ్య సరిహద్దులో పఠాన్ల చేతికి. తమ తుపాకి తమ సిపాయి మీదే పేలుతుంటే ఇంగ్లీషువాళ్లకి టెన్షన్ పట్టుకుంది. అప్పటినుంచి ప్రతి నాఖుదా తుపాకీ అనుమానపు తుపాకే. తమాషా ఏమిటంటే, ఆ సరుకు పంపినవాళ్లలో ఇంగ్లీషు వ్యాపారులూ ఉన్నారు.

1898లో బహ్రెయిన్, 1900లో కువైట్, 1902లో ఇప్పటి ఎమిరేట్ల షేకులు ఆయుధాల ఎగుమతి, దిగుమతి ఆపుతామని ఒప్పుకున్నారు. మిగిలింది మస్కట్. దాని గురించి చట్టం తెలిసినవాళ్లెవరైనా చెబితే బాగుంటుంది, నా కళ్లు లాగుతున్నాయి.

నల్లకోటు (విజయవాడ)

గుమాస్తా గారు పిలిచారు కాబట్టి వచ్చాను. "అధికారం ఎక్కడిది" అన్న ప్రశ్నే లండన్ కోర్టుల దాకా వెళ్లింది.

1898 జనవరిలో మస్కట్ సుల్తాన్ ఫైసల్ ఒక ప్రకటన చేశాడు. ఇండియా, పర్షియా రేవులకి ఆయుధాలు తీసుకెళ్తున్న ఓడల్ని తన జలాల్లో ఇంగ్లీషు యుద్ధనౌకలు సోదా చేసి పట్టుకోవచ్చని. ఆ నెలలోనే లాప్‌వింగ్ అనే యుద్ధనౌక బలూచిస్తాన్ అనే స్టీమరుని మస్కట్ జలాల్లో ఆపి తుపాకులు తీసేసుకుంది. సరుకు ఫ్రాసిస్ టైమ్స్ అనే ఇంగ్లీషు కంపెనీది. వాళ్లు లండన్‌లో ఆ యుద్ధనౌక అధికారి కార్ అనే ఆయన మీద దావా వేశారు. 1902లో అప్పట్లో అక్కడి పై కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కార్ పక్షాన తీర్పిచ్చింది. పట్టుకున్న చోట సుల్తాన్ మాటే చట్టం, ఆయన ఒప్పుకున్నాక అది అక్కడ నేరం కాదు, కాబట్టి ఇక్కడ నష్టపరిహారం రాదు అని. చూశారా, పాలించకుండా పాలించడం ఎలాగో! సంతకం సుల్తాన్‌ది, సోదా వీళ్లది.

మీ స్నేహితుడిది సూర్ అన్నారు. అయితే ఇంకో సంగతి అడగండి. సూర్ నాఖుదాలు చాలామంది ఫ్రెంచి జెండా కట్టుకునేవాళ్లు. ఫ్రెంచి కాగితాలున్న ఓడ ఎక్కి ఇంగ్లీషువాడు సోదా చేయలేడు. బానిసల రవాణాకీ, తుపాకులకీ ఈ జెండా గొడుగు పట్టిందని ఇంగ్లీషువాళ్ల ఏడుపు. అది హేగ్‌లోని మధ్యవర్తిత్వ కోర్టుకెక్కింది. 1905 ఆగస్టు 8న తీర్పు. 1892 జనవరి 2కి ముందు ఫ్రాన్స్ ఎవరికైనా జెండా ఇచ్చుకోవచ్చు, ఆ తర్వాత మాత్రం తన రక్షణలో ఉన్నట్టు రుజువైనవాళ్లకే అన్నారు. అరేబియా సముద్రంలో ఒక పడవకి ఏ గుడ్డ కట్టాలో హాలండ్‌లో కూర్చుని తేల్చారు.

1878 నాటి ఆ మినహాయింపు మన 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్‌గా ఇప్పటికీ ఉంది. 2013లో తూత్తుకుడి దగ్గర సీమన్ గార్డ్ ఒహైయో అనే ఓడని తుపాకులతో పట్టుకున్నారు గుర్తుందా? సముద్రపు దొంగల నుంచి ఓడల్ని కాపాడే గార్డులు. కింది కోర్టు ఐదేళ్లు శిక్ష వేస్తే 2017లో మద్రాసు హైకోర్టు వదిలేసింది.

ఉప్పుగాలి

అంతా ఇంగ్లీషువాడి దుర్మార్గమే అన్నట్టు రాస్తున్నారు. దొంగతుపాకులు ఆపడం తప్పా? ఇప్పుడు ఏ దేశమైనా అదే చేస్తుంది కదా సార్.

పాత గుమాస్తా (కాకినాడ)

తప్పని నేను అనలేదు నాయనా. నా వృత్తే సోదాకి కాగితాలు సిద్ధం చేయడం. ఎలా చేశారన్నదే నా బాధ. 1909 నుంచి గల్ఫు నోట్లో, మక్రాన్ తీరం పొడుగునా యుద్ధనౌకలు కాపలా పెట్టారు. కనిపించిన ఓడనల్లా ఆపడమే. 1910 డిసెంబరు 24న హయసింత్ అనే నౌక నుంచి సైనికులు దుబాయిలో దిగి ఇళ్లలో తుపాకుల కోసం వెతికారు. జనం ఎదురు తిరిగారు. నౌక నుంచి గుండ్లు పడ్డాయి. 37 మంది అరబ్బులు చనిపోయారు, ఇంగ్లీషువాళ్లలోనూ పోయారు. తర్వాత దుబాయి షేకు బుట్టీకి 50,000 రూపాయల జరిమానా, దాంతోపాటు పనికొచ్చే 400 రైఫిళ్లు అప్పగించాలన్నారు. ఆ రోజుల్లో అక్కడ రూపాయే చెల్లేది, మన రూపాయే.

ఆ నాలుగువందల్లో స్మగ్లింగువి ఎన్ని, ముత్యాల పడవల వాళ్లు పక్కన పెట్టుకునేవి ఎన్ని? "పనికొచ్చేవి" అన్నారు గానీ "అక్రమమైనవి" అనలేదు చూశావా? సీలు వేసిన గదిలో సిగరెట్లు కూడా పట్టుకుపోవడం కదా అది.

1912లో మస్కట్‌లో ఒక గిడ్డంగి పెట్టారు. వచ్చిన తుపాకులన్నీ అందులోకి, లైసెన్సు ఉంటేనే బయటికి. సుంకం పోయిందని సుల్తాన్‌కి ఏడాదికి లక్ష రూపాయలు ఇచ్చారు. ఫ్రెంచివాళ్లు కూడా 1914లో ఈ ఏర్పాటుకి ఒప్పుకుని దిగొచ్చారు. లోపలి కొండల్లో తెగలవాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. 1913లో వాళ్లు సుల్తాన్ మీద తిరగబడ్డారు, వాళ్ల ఫిర్యాదుల్లో ఈ గిడ్డంగి ఒకటి.

బార్కస్ వాలా (హైదరాబాద్)

సలామ్ అందరికీ. పెద్దాయన చెప్పినవి మంచిగున్నయ్. మా ముత్తాత ఇప్పటి యెమెన్‌ల హద్రమౌత్ తీరపు రేవు ముకల్లా నుంచి బొంబాయిలో దిగి, అక్కడికెల్లి హైదరాబాద్ వచ్చిండు, నిజాం ఫౌజులోకి. మా బస్తీ బార్కస్ పేరే బ్యారక్స్ కెల్లి వచ్చింది. మా దగ్గర జమాదార్లుగా ఉన్న అల్ ఖుఐతీ ఖాందాన్‌వాళ్లే ముకల్లాలో సుల్తాన్లయిండ్రు. 1888ల ఇంగ్లీషోళ్లతోని రక్షణ ఒప్పందం చేసుకున్నరు. ఇక్కడి పైసలతోనే అక్కడి రాజ్యం నడిచింది. హైదరాబాద్ నిజాంది కాబట్టి ఇంగ్లీషోళ్ల ఆయుధాల చట్టం ఇక్కడ నడవది, గానీ తుపాకి హద్రమౌత్‌కు పోవాలంటే బొంబాయి రేవు దాటాలె. అక్కడ గుమాస్తా గారి 6వ సెక్షన్ కూర్చుని ఉంటది.

మీరంతా తుపాకి అంటున్నరు, కత్తి సంగతి ఎవరూ చెప్తలేరు. హద్రమీ మనిషికి నడుముకు జంబియా, అంటే వంకర కత్తి, హథియార్ కాదు, బట్టల్ల భాగం. ఇయ్యాల పేపర్ల "జంబియాతో దాడి" అని కడప వార్త చదివినప్పుడల్లా నవ్వు, బాధ రెండూ వస్తయి. మా మాట తెలుగుల కలిసింది గానీ క్రైమ్ పేజీల కలిసింది. మా ఇంట్ల ఒకటుంది. లగ్గాలప్పుడు మర్ఫా వాయిస్తుంటే పెద్దనాన్న అది పట్టుకుని ఆడతడు. పదును లేదు, ఉల్లిగడ్డ కూడా తెగది.

గోదారోడు (మస్కట్)

గుమాస్తా గారూ, వకీలు గారూ, అన్నా, దండాలు. ఫ్రెంచి జెండా సంగతి ఈరోజు టిఫిన్ దగ్గర మా వాడికి చెప్పాను. నవ్వడం ఆపేశాడు. చిన్నప్పుడు వాళ్ల మేనత్త ఇంట్లో మూడు రంగుల గుడ్డ ఒకటి మడతపెట్టి ఉండేదట, దాంతో ఆడుకుంటే దెబ్బలు పడ్డాయట. అది ఏ దేశపు జెండానో అప్పుడు అడగలేదట. శుక్రవారం ఊరెళ్తున్నాడు, పెట్టె తెరిచి ఏమున్నా ఫోటో తీస్తానన్నాడు. పాత చేతిరాత అరబీ అయితే చదివే పూచీ బార్కస్ అన్నదే.

బార్కస్ వాలా (హైదరాబాద్)

అరే భయ్యా, మాకు అరబీ ఖురాన్ వరకే, ఇంట్ల ఉర్దూ, గల్లీల తెలుగు. మా నానమ్మ ఉంటే గడగడ చదివేది. పంపు అయినా. బస్తీల ఒక ముసలాయన ఉన్నడు, చాయ్ తాగిస్తే చదువుతడు.