గువ్వలచెరువు ఘాట్ దిగేసరికి బ్రేక్ మెత్తబడింది, ఏం మార్పించాలి?

మాది కడప. మొన్న అమ్మానాన్నలతో రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. ఎలాగో పక్కకు ఆపి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన, డిస్క్ అంచు నీలం రంగు తిరిగింది. కుడివైపు అంత వేడి లేదు. అరగంట ఆగాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. మూడో గేరులోనే బ్రేక్ తొక్కుతూ దిగాను, అది నా పొరపాటే; ఇకపై రెండో గేరే.

బ్రేక్ ఆయిల్ మార్చి మూడేళ్ళయింది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నదైతే చాలా ముందే మరిగి పెడల్ మెత్తబడుతుంది. మెకానిక్ మాత్రం ప్యాడ్లు మారిస్తే చాలంటున్నాడు. ఒక్క చక్రమే కాలిందంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్ కదలకుండా పట్టేసినట్టేనా? నీలం తిరిగిన డిస్క్‌ను కూడా మార్చాలా? వచ్చే వారం నాన్నను మళ్ళీ అదే దారిలో తీసుకెళ్ళాలి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.