పెల్విక్ ఆపరేషన్ తరువాత మలబద్ధకం: అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు

గర్భసంచి జారినందున, యోని గోడలకు కుట్లు వేసి సరిచేసే ఆపరేషన్ మా అమ్మగారికి ఇటీవల జరిగింది. విరేచనానికి ముక్కితే కుట్లపై ఒత్తిడి పడుతుందని డాక్టరుగారు హెచ్చరించడంతో, ఆవిడ భయపడి మరుగుదొడ్డికి వెళ్లడమే వాయిదా వేస్తున్నారు. దానివల్ల మలం మరింత గట్టిపడుతోంది. రాత్రిపూట మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ ఇస్తున్నాము, కమోడ్‌పై కూర్చున్నప్పుడు మోకాళ్లు కాస్త ఎత్తులో ఉండేలా పాదాల కింద పీట వేస్తున్నాము. నొప్పికి వాడుతున్న ట్రమడాల్, రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్రలు రెండూ మలబద్ధకాన్ని పెంచేవే కనుక, వాటిని మార్చమని డాక్టరుగారిని అడగడం సబబేనా? ఇసబ్‌గోల్ (నీళ్లు పీల్చుకుని ఉబ్బే పీచు పొడి) కూడా మొదలుపెడితే మేలా, లేక నీళ్లు తక్కువ తాగే మనిషికి (ఆవిడ చేత గ్లాసుడు మజ్జిగ తాగించడమే గగనం) సమస్య ఇంకా ఎక్కువవుతుందా? ఇదే ఆపరేషన్ చేయించుకున్నవారు ఆహారంలో ఏమి మార్చుకున్నారో, ఎనిమా దాకా వెళ్లకుండా ఎలా గట్టెక్కారో దయచేసి తెలుపగలరు.